సున్నాకీ లేదుకీ మధ్య

మార్చి 4, మంగళవారం

నువ్వు నిన్న ఫోన్‌లో అన్న మాట తప్పు. దుబాసిని మనం కలిసి మొదలుపెట్టలేదు. నేను మొదలుపెట్టాను. పందొమ్మిదేళ్ళ కిందట, నేను పనిచేసిన ఆస్పత్రి కంప్యూటర్ల గదిలో, ఆ చల్లటి గాలికి శాలువా కప్పుకుని, ఒక్కదాన్నే. నువ్వు రైళ్ళ టైంటేబుళ్ళ ప్రోగ్రాములు రాసుకుని రాసుకుని ఏడేళ్ళ తర్వాత వచ్చావు. వచ్చి చేసిన మొదటి పని ఒక స్పెల్లింగు దిద్దడం. కోడ్ చరిత్రలో తేదీతో సహా ఉంది, కావాలంటే చూసుకో.

ఇదంతా ఫోన్‌లోనే అనాల్సింది. "అవునులే" అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా తోడికోడలివైన నీతో సఖ్యంగా ఉన్నానంటే ఎన్ని మాటలు మింగి ఉంటానో ఎవరికి తెలుసు. మింగినవి ఎక్కడో ఒకచోట కక్కాలి కాబట్టి ఈ నోటుబుక్కు. నీకు చూపించను. చూపించేవైతే మాటలు ఇంత బాగా రావు.

సంగతి ఇది. సర్వర్లు తయారుచేసే కంపెనీలన్నీ ఒక కమిటీగా ఏర్పడి, తమ యంత్రాలు ఒకే భాషలో మాట్లాడేలా ప్రమాణం రాస్తున్నాయి. ఈసారి ఓపెన్ సోర్స్ వాళ్ళనీ పిలిచారు. అంటే కోడ్ రాసి, తలుపులు తెరిచిపెట్టి, ఎవరైనా తీసుకోండి అనే మనలాంటి వాళ్ళని. దుబాసికి ఒక కుర్చీ వేశారు. అందులో నువ్వు కూర్చున్నావు.

పొద్దున మనవరాలు అడిగింది. "నానమ్మా, చిన్న నానమ్మకి ఏదో కమిటీలో సీటొచ్చిందట కదా. ఇంతకీ దుబాసి అంటే ఏంటి?"

"నీకంటే ఏడాది చిన్నది. ఇన్నేళ్ళు దాని పేరు వింటూ పెరిగి ఇప్పుడా అడగడం?"

"నువ్వెప్పుడూ చెప్పలేదుగా."

చెప్పాను. ప్రతి సర్వర్‌లోనూ కాపలావాడిలాంటి చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. లోపల వేడి ఎంత, ఫ్యాన్లు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, అంతా అది కనిపెట్టి ఉంటుంది. అడిగితే చెబుతుంది. కాకపోతే ఒక్కో కంపెనీ కాపలావాడిది ఒక్కో యాస. ఒకడు ఫ్యాన్‌ని ఫ్యాన్ అంటాడు, ఒకడు గాలి అంటాడు, ఒకడు ఉత్త నంబరు చెప్పి ఊరుకుంటాడు. దుబాసి వాళ్ళందరి మాటా విని మనకి ఒకే భాషలో చెబుతుంది. మూడు వందల పన్నెండు రకాల యంత్రాల యాసలు దానికి వచ్చు. అందులో రెండు వందల తొంభై నేను నేర్పినవి.

"అయితే అందరూ ఒకే భాష మాట్లాడితే ఇక దుబాసితో పనుండదు కదా?" అంది పిల్ల.

ఆ తెలివి మా వైపుది. ఇవాళ కాస్త తక్కువగా ఉన్నా బాగుండేది.

మార్చి 5, బుధవారం

నాకు అసూయ లేదు. ఎప్పుడైనా సందేహం వస్తే చూసుకోవడానికి రాసిపెడుతున్నాను.

మార్చి 9, ఆదివారం

నువ్వూ మరిదీ వచ్చారు. మెడలో వేసుకునే కార్డు తెచ్చావు, నీ ఫోటోతో సహా. కమిటీ సభ్యురాలట. అందరికీ చూపించి చివరికి నా చేతిలో పెట్టావు.

"మీ దగ్గర నేర్చుకున్నదే కదా అక్కా ఇదంతా."

"ఫోటోలో కళ్ళు మూసుకున్నావేం?" అన్నాను.

మా ఆయన కార్డు అందుకుని కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి చదివారు. నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి, అక్షరం కంటపడితే వదలరు. "తప్పుల్లేవు అమ్మాయ్," అన్నారు. అంతటి మెప్పు ఆ నోట నేను పెళ్ళిచూపుల్లో కూడా వినలేదు.

"వదినా, ఇక మా ఇంట్లో వంట నాదే," అన్నాడు మరిది. "మంగళవారం, గురువారం ఈవిడ తలుపు వేసుకుంటుంది. దాహమేసినా తట్టకూడదట."

"నువ్వు వండితే కమిటీకి అనారోగ్య సెలవు పెట్టాల్సి వస్తుంది," అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు ఎక్కువ నవ్వావు. నువ్వు మంచిదానివి కావడం నాకు ఎప్పుడూ ఇబ్బందే.

"పదిహేడు మంది అక్కా, అందరూ కంపెనీల వాళ్ళే. మొదటి రోజు నేను ఫ్యాన్ల సంగతి చెబుతుంటే మీకింత ఎలా తెలుసండీ అన్నారు."

"ఏం చెప్పావు?"

"పన్నెండేళ్ళుగా ఇదే పని అన్నాను."

పన్నెండేళ్ళు. అంకె సరైనదే. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

మీరు వెళ్ళాక గిన్నెలన్నీ నేనే కడిగాను. ఒక కప్పు పిడి ఊడింది. మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఒళ్ళు మంటగా ఉందా?" అని అడిగారు. వేడినీళ్ళు అన్నాను.

మార్చి 11, మంగళవారం

ఒకటి రాయకుండా దాటేస్తున్నాను. ఎవరూ చదవని నోటుబుక్కులో కూడా దాటేయడం బాగాలేదు.

జనవరిలో కమిటీలోకి రమ్మనే ఆ ఉత్తరం మొదట నాకే వచ్చింది.

"కంపెనీల కమిటీలో కూర్చుని టీ తాగే తీరిక నాకు లేదు" అని జవాబు రాశాను. పెద్దవాళ్ళని ఒకసారి పిలిచి ఊరుకోరు కదా. రెండోసారి పిలుస్తారు. మీరు లేకపోతే ఎలాగండీ అంటారు. కాస్త బతిమాలతారు. అప్పుడు మోకాళ్ళ నొప్పినీ, ఇంటి పనినీ పక్కన పెట్టి, సరే, మీ మాట కాదనలేక అని ఒప్పుకుంటాం. నా జన్మలో ఏ పిలుపుకీ ఒక్కసారికే ఒప్పుకోలేదు, పెళ్ళితో సహా.

కమిటీ కార్యదర్శికి ఎవరూ ఇవి నేర్పినట్టు లేదు. "మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం" అని ఒక్క లైను రాశాడు. ఇంత గౌరవం నా శత్రువులకి దక్కాలి. నాలుగో రోజున నీకు రాశాడు. నువ్వు ఆ పూటే ఒప్పుకున్నావు. కొంచెమైనా బెట్టు చేయవా?

ముందు నాకు రాశారని నీకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

మార్చి 14, శుక్రవారం

మధ్యాహ్నం ఫోన్ చేశావు.

"అక్కా, చిన్న సందేహం. దుబాసిలో ఫ్యాన్ రీడింగు దగ్గర మూడు రకాల జవాబులు పెట్టారు కదా. సున్నా, లేదు, తెలియదు. పక్కనే 'దీన్ని ముట్టుకోవద్దు, కారణం ఉంది' అని రాశారు. ఏంటా కారణం?"

"ఇప్పుడెందుకది?"

"కంపెనీల వాళ్ళు మూడెందుకు, ఒకటి చాలంటున్నారు. చెప్పడానికి విలువ లేనప్పుడు సున్నా ఇచ్చేస్తే సరిపోతుందట. పాత చిప్పులకి కూడా అదే సులువట. నాకు మూడూ ఉంచాలనే ఉంది. వాదించాలంటే కారణం కావాలిగా. మా అక్క రాసింది అంటే వాళ్ళు ఊరుకుంటారా?"

"గుర్తులేదు."

"కొంచెం ఆలోచించండి అక్కా. మీరు ఊరికే రాయరు."

"పందొమ్మిదేళ్ళ కిందటి మాట. గుర్తులేదమ్మా. నీకెలా తోస్తే అలా చెయ్యి."

నువ్వు దిద్దిన స్పెల్లింగు గుర్తుంది. ఇది గుర్తులేదు.

మార్చి 15, శనివారం

గుర్తులేదు అన్నాను, అంతే. వయసు వచ్చాక మనుషులు మర్చిపోతారు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

మార్చి 20, గురువారం

కమిటీ సమావేశాలు ఎవరైనా చూడొచ్చట. మనవరాలు భోజనాల బల్ల మీద ఫోన్ నిలబెట్టి చూస్తోంది. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాను. ఒకే తువ్వాలు నాలుగుసార్లు మడతపెట్టాను.

నీ గొంతు వినబడింది. వణుకు లేదు. నాతో మాట్లాడేటప్పుడు ఉండే ఆ నసుగుడు కూడా లేదు. ఇన్నాళ్ళూ ఆ గొంతు ఎక్కడ దాచావు?

"సున్నా అంటే ఫ్యాన్ ఆగిపోయిందని. లేదు అంటే అక్కడ ఫ్యానే పెట్టలేదని. తెలియదు అంటే ఉందో లేదో చిప్పుకే అంతుపట్టలేదని. మూడూ వేరు," అన్నావు.

"వేరే కావచ్చు. దీనివల్ల ఎక్కడైనా నష్టం జరిగిందా? ఒక్క సంఘటన చెప్పండి," అన్నాడు కార్యదర్శి. వాడి గొంతు నేను ఊహించుకున్నంత దుర్మార్గంగా ఏమీ లేదు.

"సంఘటన నాకు తెలియదు. కానీ రాసిన మనిషి నాకు తెలుసు. కారణం లేకుండా ఆవిడ కామా కూడా పెట్టదు."

"ఆవిడని అడిగారా?"

"అడిగాను. గుర్తులేదన్నారు."

"నానమ్మా, విన్నావా? నీ గురించే," అని అరిచింది మనవరాలు. "చిన్న నానమ్మ భలే నిలబడింది."

నిలబడ్డావు. నలభై నిమిషాలు, చేతిలో ఏ ఆధారమూ లేకుండా. తర్వాత ఓట్లు వేశారు. ముసాయిదాలో సున్నా ఒక్కటే ఉంచారు. అభ్యంతరాలుంటే ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం ఐదింటి లోపు పంపాలట.

నువ్వు ఓడిపోయావు. మనసుకి ఎంతో హాయిగా ఉంటుందనుకున్నాను.

మార్చి 22, శనివారం

ప్రమాణం అచ్చయ్యాక కమిటీకి పంపబోయే ఉత్తరం ఇవాళే రాసి పెట్టుకున్నాను. మర్యాదగా ఉంది. "ఇంత ముఖ్యమైన తేడాని కమిటీ ఎలా విస్మరించిందో ఆశ్చర్యంగా ఉంది. దుబాసి తరఫున కూర్చున్న సభ్యురాలు కొంచెం గట్టిగా వాదించి ఉంటే బాగుండేది." ఆ "కొంచెం" దగ్గర చాలాసేపు ఆగాను. తీసేస్తే కరుగ్గా ఉంది, ఉంచితే ఇంకా కరుగ్గా ఉంది. ఉంచాను.

ముసాయిదా కాగితాలు బల్ల మీద ఉంటే మా ఆయన ఎర్ర పెన్సిలు పట్టుకుని చదువుతున్నారు. ఆయనకి విషయం అర్థం కాదు. అర్థం కాకపోవడమే ప్రూఫు చదివేవాడి బలం అంటారు.

"ఇక్కడ తప్పుంది," అన్నారు. "విలువ లేనిచోట సున్నా వేయాలట. అదెలా కుదురుతుంది?"

"ఎందుకు కుదరదు?"

"ఖాళీ వదిలితే ఇంకా ఏదో రావాలని అర్థం. అక్షరాలు పేర్చే కంపోజిటరు వచ్చి అడుగుతాడు. సున్నా వేస్తే వచ్చేసిందని అర్థం. ఎవడూ అడగడు. అచ్చుకి వెళ్ళిపోతుంది."

"మీరు ఫ్యాన్ల గురించి ఎప్పుడు నేర్చుకున్నారు?"

"ఫ్యాన్ల గురించి ఎవరన్నారు? నేను ఖాళీల గురించి చెబుతున్నాను," అని పెన్సిలు చెక్కుకోవడానికి వెళ్ళారు.

ఆ కాగితాలు తీసి బీరువాలో పెట్టేశాను.

మార్చి 25, మంగళవారం

గురువారం నాటి సమావేశం వివరాలు కమిటీ పేజీలో పెట్టారు. కార్యదర్శి రాసినవి. మూడుసార్లు చదివాను.

"మూడు విధాల జవాబులకు కారణం లేదని దుబాసి మూల రచయిత్రి ధ్రువీకరించారు."

నేను అలా అనలేదు. గుర్తులేదన్నాను. నువ్వూ వాళ్ళతో గుర్తులేదనే చెప్పావు, నా చెవులతో విన్నాను. నీ మీద కోప్పడదామంటే ఆ అవకాశం కూడా ఇవ్వలేదు నువ్వు. గుర్తులేదంటే కారణం లేదని కాదు. కారణం ఉంది, అదేంటో చెప్పలేదు, అంతే. చెప్పనిదాన్ని తీసుకెళ్ళి లేనిదాన్ని చేశాడు. రేపు లోకంలోని ప్రతి సర్వరూ సరిగ్గా ఇదే పని చేస్తుంది. తెలియదు అని చెప్పాల్సిన చోట సున్నా అంటుంది. వినేవాడు రాసుకుంటాడు.

పైగా ధ్రువీకరించారట. నా పేరు మీద.

మార్చి 26, బుధవారం

రాస్తాను. ఇక్కడైనా ఒకసారి రాస్తే చెయ్యి అలవాటు పడుతుంది.

దుబాసికి ముందు సంవత్సరం ఆస్పత్రికి ఒక పెద్ద సర్వరు కొన్నారు. రక్తపరీక్షల రిపోర్టులన్నీ అందులోనే. ఎనిమిది ఫ్యాన్లకి చోటుంది, ఐదే బిగించారు. ఐదు చాలు. కాకపోతే దాని కాపలా చిప్పుకి లేదు అనే మాట రాదు. ఖాళీగా ఉన్న మూడు చోట్లకీ సున్నా, సున్నా, సున్నా అని చెప్పేది. అంటే మూడు ఫ్యాన్లు ఆగిపోయాయని. అది చెప్పినప్పుడల్లా గదిలో అలారం. రోజుకి వందసార్లు. పక్క వార్డు నర్సులు వచ్చి, అమ్మా, రోగులు పడుకోలేకపోతున్నారు, ఏదో ఒకటి చెయ్యండి అన్నారు.

చేశాను. అలారం మోగించే ప్రోగ్రాములో ఒక్క లైను రాశాను. సున్నా వస్తే పట్టించుకోవద్దు అని. అలారం ఆగిపోయింది. నర్సులు దండం పెట్టారు. ఆ రోజు తాగిన టీ ఎంత బాగుందో నాకిప్పటికీ గుర్తుంది.

నలభై ఏడు రోజుల తర్వాత, ఒక ఆదివారం, ఉన్న ఐదింటిలో ఒక ఫ్యాన్ ఆగింది. చిప్పు సున్నా అని చెప్పింది. కొద్దిసేపటికి దాని పక్కది ఆగింది. మళ్ళీ సున్నా. చెప్పాల్సిన రెండుసార్లూ అది నిజమే చెప్పింది. వినొద్దని నేను రాసిపెట్టాను.

సోమవారం పొద్దున తలుపు తీయగానే కాలిన వాసన. రిపోర్టుల నకళ్ళు దాచే యంత్రం అప్పటికి మూడు వారాలుగా మరమ్మతులో ఉంది. ఆ మూడు వారాల రిపోర్టులు పోయాయి. అంతమందినీ మళ్ళీ పిలిచి మళ్ళీ రక్తం తీశారు. ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి లాక్కుంటూ, "మొన్నే ఇచ్చాను కదమ్మా" అన్నాడు. కోపంగా కాదు. తనదే పొరపాటేమో అన్నట్టు.

విచారణకి వచ్చినవాళ్ళు ఫ్యాన్ పాడైంది, యంత్రం లోపం అని రాసుకుని వెళ్ళారు. వాళ్ళు రాకముందే ఆ లైను చెరిపేశాను. ఒక్క లైను చెరపడానికి ఎంతసేపు? తర్వాతి నెలలో దుబాసి మొదలుపెట్టాను. అందులో రాసిన మొట్టమొదటి భాగం ఆ మూడు జవాబులు. పక్కన కారణం ఉంది అని రాశాను. కారణం మాత్రం రాయలేదు.

ఇంత కష్టపడి రాసి ఊరికే ఇచ్చేసింది, ఎంత ఉదారత అని లోకమంతా అంది. నేను కాదనలేదు.

ఇవాళ కూర్చుని ఆలోచిస్తే ఒకటి తేలింది. నీకు కారణం చెప్పకపోవడానికి కుర్చీ ఒక్కటే అడ్డం కాదు. కానీ అసూయ అనుకుంటే కాస్త పరువుగా ఉంది. అందుకని పన్నెండు రోజులుగా అదే అనుకుంటున్నాను. అంటే అసూయ ఉందని ఒప్పుకున్నట్టే. ఐదో తేదీన రాసింది కొట్టెయ్యాలి.

మార్చి 27, గురువారం

అభ్యంతరం పంపే ఫారంలో సంఘటన, తేదీ, ఎంతమందికి ఇబ్బంది కలిగింది అని అడుగుతున్నారు. ఎంతమంది అన్నది నాకు ఉజ్జాయింపుగానే తెలుసు. ఉజ్జాయింపు అంకె రాయడానికి చెయ్యి రాలేదు. అప్పట్లో ల్యాబ్‌లో రక్తం తీసిన ఆవిడకి ఫోన్ చేశాను. ఇద్దరం రిటైరయ్యాక ఇదే మొదటిసారి మాట్లాడటం.

"నూట నలభై రెండు," అంది తడుముకోకుండా. "ఇన్నేళ్ళకి ఎందుకు అడుగుతున్నావు?"

చెప్పాను. మొత్తం.

లైను కట్టయిందేమో అని "ఉన్నావా?" అన్నాను.

"ఆ వారం నా చెయ్యి పైకి లేచేది కాదు," అంది. "తిట్లన్నీ నాకే. నువ్వు వచ్చి నాకు టీ ఇచ్చావు. ఎంత మంచిదానివి అనుకున్నాను."

"తప్పు నాదే."

"తెలుస్తూనే ఉంది," అని పెట్టేసింది.

మార్చి 28, శుక్రవారం

పేరు రాయకుండా కూడా ఫారం పంపొచ్చట. ఆ గడి దగ్గర పది నిమిషాలు కూర్చున్నాను. పేరు లేకుండా పంపితే సంఘటన ఒకపక్కా, "కారణం లేదని మూల రచయిత్రి ధ్రువీకరించారు" అనే వాక్యం ఇంకోపక్కా ఉంటాయి. కమిటీ దేన్ని నమ్ముతుంది? పేరున్నదాన్ని. పేరు రాశాను.

తర్వాతి ప్రశ్న: సంఘటన మీరు స్వయంగా చూసినదా, ఇతరుల ద్వారా విన్నదా. రెండే గడులు. స్వయంగా చేసినది అనే గడి పెట్టడం మర్చిపోయారు. ప్రమాణాలు రాసేవాళ్ళ తీరే అంత, మూడోది ఒకటి ఉంటుందని తోచదు. రెండూ వదిలేసి కింద ఖాళీ స్థలంలో రాశాను: "ఇది నేను చేసిన పొరపాటు. సున్నాని పట్టించుకోవద్దని రాసింది నేను. చెరిపింది నేను. సభ్యురాలు అడిగినప్పుడు గుర్తులేదని అబద్ధం చెప్పిందీ నేనే. ఆమె వాదన మొత్తం సరైనది."

చివరి వాక్యం రాయడానికి ముందువన్నీ కలిపిన దానికంటే ఎక్కువసేపు పట్టింది.

నాలుగూ నలభైకి పంపాను. మనవరాలికి ఒక కాపీ ఇచ్చాను, కమిటీ పేజీలో చూసి తెలుసుకోవడం ఎందుకని. చదివింది. మధ్యాహ్నం నా కోసం పక్కన పెట్టిన సగం నారింజ తెచ్చి ఇచ్చింది.

మార్చి 29, శనివారం

పొద్దున్నే నీ ఫోన్.

"అక్కా, చదివాను."

"ఊఁ."

"పందొమ్మిదేళ్ళు దీన్ని మీరొక్కరే..."

"ఫారంలో అచ్చుతప్పులేమైనా ఉన్నాయా, అది చెప్పు."

"రెండున్నాయి," అన్నావు.

"దిద్దావా?"

"దిద్దడానికి వీల్లేదు అక్కా. పంపేశాక ఎవరూ ముట్టుకోకూడదు."

ఇన్నేళ్ళలో నీకు నా తప్పు దొరికి, దిద్దే వీలు లేకపోవడం ఇదే మొదటిసారి. నీ గొంతులో ఆ బాధ వినిపించింది.

"నాతో ఎందుకు చెప్పలేదు? నేనేమైనా బయటివాళ్ళకి చెప్పే మనిషినా?" అన్నావు తర్వాత. నువ్వు ఏడుస్తున్నావని అర్థమైంది. నువ్వు ఏడిస్తే నాకు కోపం వస్తుంది. నేను ఏడవాల్సినవి కూడా నువ్వే ఏడ్చేస్తావు.

మార్చి 31, సోమవారం

కార్యదర్శి ఉత్తరం రాశాడు. ఈసారి ఒక్క లైను కాదు, పేజీ. అభ్యంతరాన్ని తీసుకున్నారు. సమావేశం వివరాల్లో ఆ వాక్యాన్ని సరిదిద్దారు. ఈ గురువారం మళ్ళీ చర్చ, మళ్ళీ ఓటు. కాకపోతే ఆ సర్వరు తయారుచేసిన కంపెనీ ప్రతినిధి, ఆ మోడల్‌ని ఎనిమిది ఫ్యాన్లూ బిగించకుండా ఎప్పుడూ అమ్మలేదు అంటున్నాడట. రుజువు చూపకపోతే సంఘటన చెల్లదు, సున్నాయే నిలుస్తుంది.

నన్ను వచ్చి చెప్పమంటారేమో అని ఉత్తరం చివరిదాకా చదివాను. సభ్యులు కానివారు మాట్లాడే పద్ధతి లేదట. నేను రాసిందంతా గురువారం నువ్వు చదివి వినిపిస్తావట. ఆ ఆదివారం, ఆ వాసన, ఆ పెద్దాయన చొక్కా చెయ్యి, అన్నీ. నా తప్పుకి కూడా నీ గొంతే. పదిహేడు మందీ ఊపిరి బిగపట్టి వింటారు. బాగా చదువుతావని నాకు తెలుసు. అదే నా ఏడుపు.

ఆ యంత్రం ఇంకా ఆస్పత్రి నేలమాళిగ స్టోరులోనే ఉంది. పారేయడానికి సంతకం పెట్టాల్సింది నేను, పెట్టకుండానే రిటైరయ్యాను. నా మోకాళ్ళు ఆ మెట్లు దిగవు. నువ్వు వెళ్ళాలి. సాయంత్రం ఫోన్‌లో నీకు చెప్పాల్సినవి, మర్చిపోకుండా:

బుధవారం పదకొండు లోపే వెళ్ళు, స్టోరుకీపరు తర్వాత భోజనానికి పోయి మూడింటికి గాని రాడు. నా పేరు చెప్పు, నీ కార్డు చూపించకు, కార్డులంటే అతనికి భయం. టార్చి, తడిగుడ్డ, ప్లస్ మొన ఉన్న స్క్రూడ్రైవరు తీసుకెళ్ళు. విరిగిన చక్రాల కుర్చీల వెనక, గోడవైపు కింది అర. మూత పైన నాలుగు స్క్రూలు, వెనక ఎడమవైపుది ఊరికే తిరుగుతుంది, బొటనవేలితో అదిమి తిప్పు. ముందు లేబుల్ తుడిచి దాని ఫోటో తియ్యి, నంబరు చివరి మూడు అంకెలు స్పష్టంగా రావాలి. తర్వాత మూత తీసి, ఖాళీగా ఉన్న మూడు చోట్లనీ విడివిడిగా తియ్యి. దుమ్ము తుడవకు, అక్కడ ఎప్పుడూ ఏమీ లేదని ఆ దుమ్మే చెబుతుంది. ఫోటోల్లో ఖాళీలు మాత్రమే ఉండాలి. నీ వేలు పడినట్టు కనిపించిందా, మళ్ళీ పంపిస్తాను.